మూలలో పుట్టినవాళ్ళు

మా చిన్నపిన్నిది మూలా నక్షత్రం.

ఈ మాట చదవగానే మీలో సగంమంది "అయ్యో పాపం" అనుకుని ఉంటారు. తక్కినవాళ్ళు "మరి మామగారు ఉన్నారా?" అని అడగబోయి ఉంటారు. లేరు. లేని ఇల్లు చూసే ఇచ్చారు. ఆశ్లేష అత్తగారికి, మూల మామగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి గండమని మన పెద్దవాళ్ళు అత్తింటివాళ్ళందర్నీ నక్షత్రాలకి పంచిపెట్టేశారు కదా! పిన్నికి పద్ధెనిమిదో ఏట మొదలైన సంబంధాలు ఇరవయ్యారో ఏటిదాకా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. పిల్ల నచ్చేది, పాట నచ్చేది, అమ్మమ్మ చేసిన బొబ్బట్లు మరీ నచ్చేవి. జాతకం పట్టుకెళ్ళినవాళ్ళు మాత్రం మళ్ళీ ఉత్తరం ముక్క రాసేవారు కాదు. ఆఖరికి పెళ్ళికొడుకు తండ్రి ఏనాడో పోయిన ఇంట్లో కుదిరింది. "మా ఇంటికి మూల వచ్చినా పోయేవాళ్ళెవరూ లేరులెండి" అన్నారట ఆ అత్తగారు, నవ్వుతూనే.

ఆ పెళ్ళికి ముందటి వేసవిలో నాకు పదేళ్ళుంటాయి. తాతగారి ఊళ్ళో డాబా మీద పక్కలు వేసుకుని పడుకునేవాళ్ళం. రాత్రి పది దాటాక దక్షిణం వైపు తేలు పైకి లేచేది. నక్షత్రాల్లో బొమ్మలు వెతకమంటే నాకు ఏదీ కనబడదు గానీ, తేలు మాత్రం తేలులాగే ఉంటుంది. "అదుగో, ఆ ఎర్రటి చుక్క జ్యేష్ఠ. కిందికి వంకర తిరిగి, తోక చివర కొండి దగ్గర జంటగా రెండున్నాయి చూడు, అదీ నా నక్షత్రం" అని చూపించింది పిన్ని.

"అంత బాగుంది కదా, అది మామగార్లని ఎందుకు చంపుతుంది?" అని అడిగాను.

"నాకేం తెలుసు? నువ్వు పెద్ద చదువులు చదువుకుని, అక్కడేముందో కనుక్కుని నాకు చెప్పు" అంది.

పెద్ద చదువులు నేనేమీ చదవలేదు. బి.ఏ. అవగానే పెళ్ళి చేశారు. అయినా అప్పు అప్పే. పిల్లలు ఎదిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, లైబ్రరీలోనూ మనవడి కంప్యూటరులోనూ వెతికి, ఆ కొండి దగ్గర ఏముందో కొంత తెలుసుకున్నాను. చిత్రమేమిటంటే, ఈ కథలో మొదట తగిలిన మనిషి కూడా మా పిన్నిలాగే పెళ్ళికి పనికిరాదని ఇంట్లోవాళ్ళు తేల్చేసిన ఆడపిల్లే.

ఆవిడ పేరు కరోలిన్ హెర్షెల్. 1750లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. తండ్రి సైనికుల బ్యాండులో వాయిద్యగాడు. పదో ఏట టైఫస్ జ్వరం వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. ఆపైన ఎన్నేళ్ళు బతికినా మనిషి నాలుగడుగుల మూడంగుళాలే. అందమూ లేదు, డబ్బూ లేదు, బాగా వయసు మళ్ళాక ఏ ముసలాయనో గుణం చూసి చేసుకుంటే చేసుకోవాలి తప్ప పెళ్ళిమీద ఆశ పెట్టుకోవద్దని కన్నతండ్రే చెప్పాడట. ఆవిడే తన జ్ఞాపకాలలో రాసుకుంది. చూశారా, జాతకాలు చూడని ఇంట్లో కూడా సంబంధం తప్పించడానికి సాకులకి కరువు లేదు!

తల్లికి కూతురు చదువుకోవడం ఇష్టం లేదు, ఇంట్లో పనికి మనిషి కావాలి. అన్న విలియం ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో సంగీతం మేష్టారు. 1772లో వచ్చి చెల్లెల్ని తనతో తీసుకుపోతానంటే, ఆమె బదులు పనిమనిషిని పెట్టుకోవడానికి ఏటా ఇంతని తల్లికి ఇచ్చే ఏర్పాటు చేశాకే కదలనిచ్చింది. అక్కడ కరోలిన్ పాట నేర్చుకుంది, కచేరీల్లో పాడింది, ఇంటి జమాఖర్చులు రాసింది. ఇంతలో అన్నగారికి నక్షత్రాల పిచ్చి పట్టుకుంది. టెలిస్కోపు అద్దాలు తనే అరగదీసుకునేవాడు. ఒకసారి పదహారు గంటలు అద్దం మీంచి చెయ్యి తియ్యలేదట. చెల్లెలు పక్కన నిలబడి ముద్దలు నోట్లో పెట్టింది. ఇంట్లో మగవాడికి ఏదైనా పిచ్చి పడితే అన్నం పళ్ళెం పట్టుకుని వెంట తిరిగే పని ఎవరిదో మీకు నేను చెప్పాలా?

ఆయన 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆవిడ 1786లో తన సొంతంగా ఒక తోకచుక్కని కనిపెట్టింది. మొత్తం ఎనిమిది. 1787 నుంచి రాజుగారు ఏడాదికి యాభై పౌన్లు జీతం ఇచ్చారు. అన్నగారు రాత్రంతా టెలిస్కోపు దగ్గర నుంచుని చూసింది చూసినట్టు కేకేసి చెప్పేవాడు, చెల్లెలు దీపం దగ్గర రాసుకునేది. అలాంటి ఒక రాత్రి ఆయన తేలు వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదట. ఆవిడకి భయం వేసేంతసేపు. చివరికి జర్మను భాషలో, ఇక్కడ నిజంగానే ఆకాశానికి కంత పడిందని గట్టిగా అన్నాడు. చుట్టూ పిండి చల్లినట్టు చుక్కలు, మధ్యన ఒక్కటి లేదు.

ఆ మాట ఆవిడ మనసులో ఉండిపోయింది.

ఇదే విలియం హెర్షెల్ 1800లో ఇంకో పని చేశాడు. పట్టకంలోంచి ఎండ పోనిచ్చి, బల్లమీద పడిన ఇంద్రధనుస్సు రంగుల్లో ఒక్కొక్కదాంట్లో థర్మామీటరు పెట్టి వేడి కొలిచాడు. ఊదా కన్నా ఆకుపచ్చలో ఎక్కువ, ఆకుపచ్చ కన్నా ఎరుపులో ఎక్కువ. ఎరుపు అయిపోయాక, ఏ రంగూ లేని చోట పెడితే థర్మామీటరు ఇంకా పైకి పోయింది! కంటికి కనబడని వెలుగు ఒకటుందని అలా తెలిసింది. పరారుణ కిరణాలని మనం స్కూల్లో చదువుకున్నవి ఇవే. కుంపటి ఆరిందనుకుని బూడిద మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్న ప్రతి ఇల్లాలికీ ఇవి ఎప్పుడో పరిచయం.

ఇక్కడే నాకు కొంచెం మనసు చివుక్కుమంటుంది. ఆకాశంలో కంత, కంటికి కనబడని వెలుగు, రెండూ ఒక్క మనిషి చేతికే దొరికాయి. తాళం ఒక జేబులో, తాళంచెవి ఇంకో జేబులో. ఆయన 1822లో పోయాడు, రెండింటినీ కలపకుండానే.

అన్న పోయాక కరోలిన్ హానోవర్ తిరిగి వెళ్ళిపోయింది. కంతని మాత్రం వదలలేదు. మేనల్లుడు జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికాలోని కేప్‌కి టెలిస్కోపు పట్టుకుని బయల్దేరుతుంటే 1833లో ఉత్తరం రాసింది, అక్కడ తేలు నడినెత్తికి వస్తుంది కదా, మీ నాన్న చూసిన చోటు నువ్వు వెతుకు అని. మేనల్లుడు బుద్ధిగా చూసి, తేలులో మంచి చుక్కల గుత్తులు కనబడ్డాయని జవాబు రాశాడు. ఎనభైనాలుగేళ్ళ మేనత్త ఊరుకుందా? నేను వెతకమన్నది చుక్కల గుత్తులు కాదు, మీ నాన్న ఆ మాట అనడం నేను చెవులారా విన్నాను, మళ్ళీ చూడమని తిరిగి రాసింది. ఈ ఉత్తరాల సంగతి చదివిన రోజున నాకు మా అమ్మమ్మ కళ్ళముందు కట్టింది. పోయిన గరిట గురించి అడిగితే గిన్నె తెచ్చి చూపించేవాళ్ళంటే ఆవిడకీ ఇలాగే ఒళ్ళుమండేది.

జాన్ అక్కడే ఉండి, 1837 జూన్‌లో తేలు తోక దగ్గర రెండు మసక మరకల్ని చూసి రాసుకున్నాడు. మూల చుక్క దగ్గర చెయ్యి చాచి పట్టుకుంటే రెండు వేళ్ళ వెడల్పు దూరంలో ఉంటాయవి. ఇప్పుడు వాటిని ఎన్.జి.సి. 6334, 6357 అంటారు. మొదటిది ఫొటోలో పిల్లి పాదం ముద్రలా ఉంటుంది కాబట్టి పిల్లిపాదం నీహారిక అని ముద్దుపేరు. పేర్లు ఇక్కడ గుర్తుపెట్టుకోండి, మా పిన్ని అడిగిన ప్రశ్నకి జవాబు ఆ పాదంలోనే ఉంది. కరోలిన్ 1848లో తొంభైయేడో ఏట కన్నుమూసింది.

కంతలు కంతలు కావని అమెరికాలో బార్నార్డ్ అనే ఆయన ఫొటోలు తీసి తీసి తేల్చాడు. 1919లో అలాంటివి 182 జాబితా వేశాడు. అవి నల్లటి మబ్బులు, అంటే చల్లటి వాయువూ, దాన్లో కలిసిన సన్నటి ధూళీ. వెనకాల చుక్కలున్నాయి, మబ్బు అడ్డం. తేలులో హెర్షెల్ చూసిన కంత కూడా జ్యేష్ఠ పక్కనున్న అలాంటి మబ్బే. సరే, మబ్బు. మరి దాని లోపల ఏముంది?

మన పాత ఇళ్ళల్లో పురిటిగది గుర్తుందా? వెలుగు చొరబడని మూలగది, తలుపుకి దుప్పటి, లోపల కుంపటి, సాంబ్రాణి పొగ. వీధిలోంచి చూసేవాడికి ఆ ఇంట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ మబ్బుల సంగతీ అంతే. లోపల వాయువు తన బరువుకి తనే కుంగి, ముద్దకట్టి, నక్షత్రం అవుతుంది. దాని వెలుగు బయటికి రాకుండా ధూళి మింగేస్తుంది. మింగినదాన్ని ఊరికే ఉంచుకోలేదు కదా, తను వేడెక్కి ఆ వేడిని పరారుణ కిరణాలుగా బయటికి వదులుతుంది. పైగా పరారుణ కిరణాల్లో కొన్ని ఆ ధూళిని తప్పించుకుని సూటిగానే వచ్చేస్తాయి. కాబట్టి మబ్బు లోపల ఏముందో కన్ను చెప్పలేదు, చర్మం చెప్పగలదు. పిల్లాడికి జ్వరం ఉందో లేదో తెలుసుకోడానికి మనం దీపం వెలిగించం, నుదుటి మీద చెయ్యి వేస్తాం.

తాళంచెవి తాళంలో తిరగడం 1960లలో మొదలైంది. కాలిఫోర్నియాలో గెర్రీ న్యూగెబౌవర్, రాబర్ట్ లేటన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు పరారుణంలో ఆకాశమంతా గాలించాలని టెలిస్కోపు కట్టుకున్నారు. అరవైరెండంగుళాల గాజు అద్దం కొనడానికి డబ్బు లేదు. తొట్టిలో ఎపాక్సీ జిగురు పోసి, అది గట్టిపడేదాకా గుండ్రంగా తిప్పుతూ ఉంటే మధ్యన గుంటపడి తనంతట తనే అద్దం ఆకారం వచ్చింది. పైన అల్యూమినియం పూత. అట్లపిండి గిన్నె తిప్పినప్పుడు మధ్యలో గుంట పడటం మనమూ చూశాం, టెలిస్కోపు చెయ్యాలని తోచలేదంతే. దాంతో అయిదు వేలకి పైగా పరారుణ చుక్కలు లెక్కకొచ్చాయి.

న్యూగెబౌవర్ దగ్గర ఎరిక్ బెక్లిన్ అని ఒక విద్యార్థి. మౌంట్ విల్సన్ కొండమీద టెలిస్కోపుతో మృగవ్యాధుడి నీహారికని పరారుణంలో వెతికాడు. మా అమ్మమ్మ గొల్లకావడి అనే మూడు చుక్కల కిందనే ఉంటుంది ఆ నీహారిక. ఒక చోట అతని యంత్రం గట్టిగా పలికింది. ఫొటోల్లో చూస్తే అక్కడ చుక్క లేదు! 1967లో గురుశిష్యులిద్దరూ ఆ వివరం అచ్చువేశారు. దాని వేడి సుమారు నాలుగు వందల డిగ్రీలని తేల్చారు, నక్షత్రానికి అది వేడే కాదు. అప్పుడే కళ్ళు తెరవబోతున్న భారీ నక్షత్రం కావచ్చని అన్నారు. ఇప్పటికీ దాన్ని వాళ్ళ పేర్లమీదే పిలుస్తారు. తరవాత తెలిసిన సంగతి ఇంకా చిత్రం. అది ఉన్నచోట ఉండటం లేదు, పరిగెడుతోంది. వెనక్కి లెక్క కడితే సుమారు అయిదు వందల ఏళ్ళ కిందట ఆ పురిటిగదిలో రెండు మూడు పసి నక్షత్రాలు ఒకదాన్నొకటి తోసుకుని, చెల్లాచెదరుగా విసురుకున్నాయని తేలింది. ఉయ్యాలలో ఉన్నప్పుడే దెబ్బలాట!

భారీ నక్షత్రాలు అంటున్నాను, వాటి సంగతి చెప్పలేదు. సూర్యుడికి ఎనిమిదింతలో అంతకన్నానో బరువున్నవి. సూర్యుడి ఆయుర్దాయం వెయ్యి కోట్ల ఏళ్ళయితే వీటిది కొన్ని లక్షల నుంచి కొన్ని కోట్ల ఏళ్ళే. దండిగా మండి తొందరగా పోతాయి. జ్యేష్ఠ అలాంటిదే, పెద్దది అన్న పేరు పెట్టాం గానీ వయసు కోటిన్నర ఏళ్ళలోపే. నాలుగు వందల అరవై కోట్ల ఏళ్ళ సూర్యుడి ముందు చంటిపిల్ల. కొండి దగ్గరి మూల చుక్కా ఆ జాతిదే. మన ఎముకలు గట్టిగా ఉండటానికి కావలసిన సరుకులు చాలావరకు ఇలాంటి నక్షత్రాలే వండి, పోతూ పోతూ వెదజల్లాయి.

అయితే ఇవి పుట్టడం ఎలాగన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండింది. మామూలు నక్షత్రం తిండి తినడం అయ్యాకనే పూర్తిగా వెలుగుతుంది. ఇవి తింటుండగానే వెలుగుతాయి, ఆ వెలుగు ఎంత జోరంటే మీదికి వచ్చే వాయువునే వెనక్కి తోసేస్తుంది. మంట పెరిగిన పొయ్యిలోకి పుల్ల పెట్టబోతే సెగ చేతిని వెనక్కి తోసినట్టు. మరి అంత బరువు ఎలా పెరిగాయి? తిండి నడుం చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ పక్కనుంచి లోపలికి పోతుంది, సెగ పైనుంచీ కిందనుంచీ బయటికి పోతుంది. అందుకని రెండూ సాగుతాయని ఇప్పుడు అనుకుంటున్నారు. పొయ్యికి పుల్ల పక్కనుంచి ఎందుకు పెడతామో అందుకే.

పరారుణంతో ఇంకో చిక్కుంది. గాలిలోని నీటి ఆవిరి వాటిలో చాలావాటిని కిందికి దిగనివ్వదు. అందుకని టెలిస్కోపుల్ని బెలూన్లకి కట్టి పైకి పంపారు. 1970లలో అమెరికా వాళ్ళు ఒక మీటరు అద్దమున్న టెలిస్కోపుని అలా ఎగరేసి పిల్లిపాదాన్ని చూశారు. పాదంలో ఒకదాని పక్కన ఒకటి, కంటికి కనబడని పొయ్యిలు వరసగా ఉన్నాయి. 1979లో వాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశారు. పేర్లు పెట్టే ఓపిక లేకపోయింది కాబోలు, పురిటాసుపత్రిలో మంచాలకి వేసినట్టు.

బెలూను అనగానే నాకు మా హైదరాబాదు గుర్తొస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇ.సి.ఐ.ఎల్. వైపు అద్దెకుండేవాళ్ళం. ఒకనాటి తెల్లవారుజామున పాలకోసం వాకిట్లోకి వస్తే, ఆకాశంలో మంచుబొట్టులాంటిది ఒకటి మెరుస్తూ కదలకుండా నిలబడి ఉంది. మావారిని లేపితే, ఒక కన్ను తెరిచి, "వాతావరణం వాళ్ళదిలే" అని తేల్చేసి పడుకున్నారు. అక్కడ టాటా పరిశోధన సంస్థవాళ్ళ బెలూన్ల కేంద్రం 1969 నుంచీ ఉందని, పలచటి ప్లాస్టిక్ బెలూన్లు అక్కడే తయారుచేసి, ముప్ఫై కిలోమీటర్ల ఎత్తుకి పంపుతారని ఎన్నేళ్ళకో తెలిసింది. 1980లలో, 90లలో ఆ బెలూన్లు మోసుకెళ్ళినవాటిలో నూరు సెంటీమీటర్ల పరారుణ టెలిస్కోపు ఒకటి. దాని పనల్లా భారీ నక్షత్రాలు పుట్టే మబ్బుల వేడి కొలవడమే! పని అయ్యాక అది పారాచూటుతో ఏ చేలోనో దిగేది. ఇలా దిగే పెట్టెల్ని ముట్టుకోవద్దు, కబురు చెయ్యండని చుట్టుపక్కల జిల్లాలవాళ్ళకి ఇప్పటికీ పత్రికల్లో ప్రకటనలు వస్తుంటాయి. నేను వాటిని చదివి పొట్లాలు కట్టేసేదాన్ని. పిన్ని ప్రశ్నకి జవాబు వెతికే సాధనం నా నెత్తిమీంచి పోతుంటే పాలగిన్నె పట్టుకుని చూస్తూ నుంచున్నానన్నమాట.

బెలూన్ల తరవాత ఉపగ్రహాలు. 1983 జనవరిలో ఐరాస్ వెళ్ళింది. టెలిస్కోపు తను వేడిగా ఉంటే తన సెగే తనకి అడ్డం, కాబట్టి ద్రవ హీలియంలో ముంచి ఉంచారు. హీలియం ఉన్న పది నెలల్లో లక్షల పరారుణ చుక్కల్ని లెక్కవేసింది. 2009లో వెళ్ళినదానికి హెర్షెల్ అని పేరుపెట్టారు, అన్నాచెల్లెళ్ళిద్దరికీ కలిపి అనుకుంటే మనకి తృప్తి. 2021 క్రిస్మస్ నాడు వెళ్ళిన జేమ్స్ వెబ్ పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన, అయిదు పొరల గొడుగు నీడలో ఇప్పుడు పనిచేస్తోంది. దాని ముఖ్యమైన కెమెరా తయారీకి నాయకత్వం వహించినది మార్సియా రీకే అనే ఆవిడ.

వెబ్ 2023లో జ్యేష్ఠ పక్కనున్న ఆ కంతనే ఫొటో తీసింది. లోపల యాభై దాకా పసి నక్షత్రాలు, చాలావరకు సూర్యుడంతవీ అంతకన్నా చిన్నవీ. నిజానికి 1970లలోనే గ్రాస్డాలెన్ అనే ఆయనా, కారెన్, స్టీఫెన్ స్ట్రామ్ దంపతులూ పరారుణంతో ఆ మబ్బులో నక్షత్రాల గుంపుందని పట్టుకున్నారు. అయినా ఫొటోగా చూడటం వేరు. కరోలిన్ మళ్ళీ చూడమన్నది ఈ చోటునే.

పిల్లిపాదం ఫొటో 2025 జులైలో వచ్చింది. నాలుగైదు వేల కాంతి సంవత్సరాల దూరంలో, భారీ నక్షత్రాలు తమ చుట్టూ మబ్బుని దొలుచుకుని బయటపడుతున్నాయి. అంతకుముందే, 2015లో, అక్కడ అంకె వేసిన మంచాల్లో మొదటిదానిలో ఒక పసిది ఉన్నట్టుండి భగ్గుమంది. ముందుగా దాన్ని పట్టుకున్నదీ దక్షిణాఫ్రికాలోని ఒక రేడియో టెలిస్కోపే, జాన్ హెర్షెల్ చూసిన దేశమే. చుట్టూ ఉన్న ధూళి వెలుగు నాలుగింతలయింది. ఎందుకంటే, పళ్ళెంలోంచి పెద్ద ముద్ద ఒకటి ఒక్కసారిగా గుటుక్కుమనిపించిందట.

మొన్న వేసవిలో పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి ఎనభై దగ్గరపడ్డాయి. మోకాళ్ళ నొప్పులున్నా డాబా ఎక్కింది. తేలు వచ్చేదాకా కూర్చుని ఇదంతా చెప్పాను. కరోలిన్ తండ్రి మాట దగ్గర "ఆహా" అంది, మళ్ళీ చూడమని రాసిన ఉత్తరం దగ్గర నవ్వింది. పిల్లిపాదం దగ్గరికొచ్చేసరికి నన్ను ఆపింది.

"అయితే నా నక్షత్రంలో పుట్టినవాళ్ళందరూ భారీవాళ్ళంటావు."

"అందరూ కాదు పిన్నీ, చిన్నవీ ఉంటాయి. పెద్దవి ఎక్కువ."

"మరి వాళ్ళ మామగార్లెవరికైనా ఏమైనా అయిందా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి ఆవిడ నవ్వాపి, "ఆ సంబంధాల వాళ్ళల్లో ఒకాయన పాట చాలా శ్రద్ధగా విన్నాడే. ఉత్తరం వస్తుందనుకున్నాను" అంది. నాకు తెలియని సంగతి. ఏమనాలో తోచక కొండి వైపు వేలు చూపించి, జంటచుక్కలకి రెండు వేళ్ళ పైకి చూడమన్నాను. ఏమీ కనబడటం లేదంది. కళ్ళతో కనబడదని చెప్పానా అన్నాను. అయినా సరే ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటానని గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళింది.